కాటా ముందు బండ్లు: కంప్యూటర్‌లో పని నడిపి చూద్దాం (మూడో పాఠం)

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? ఏదో ఒక చోట అరగంట నిలబడి, ఎవరు ఎప్పుడు వచ్చారో, ఒక్కొక్కరి పనికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకొమ్మన్నాను. ఉగ్గాని, బజ్జి అమ్మే హోటలైనా సరే, బ్యాంకు కౌంటరైనా సరే. రాసుకోనివాళ్లు ఇవాళ్టికి నా లెక్క వాడుకోండి. నాలుగో పాఠానికి మాత్రం సొంత లెక్క లేకుండా రావద్దు.

నా లెక్క ఆదోనిది. దసరా దాటి పత్తి రావడం మొదలైతే జిన్నింగ్ మిల్లుల గేట్ల ముందు బండ్లు బారులు తీరతాయి. అలాంటి ఒక మిల్లులో నేను కొన్నేళ్లు అకౌంట్స్ రాశాను. నా కుర్చీలోంచి చూస్తే కాటా కనిపించేది. లోడు బండి కాటా ఎక్కుతుంది, బరువు చూస్తారు, గుమస్తా బండి నంబరు, రైతు పేరు, ఊరు అడిగి చీటీ రాస్తాడు. బండి దిగి పత్తి దించే చోటికి పోతుంది. సగటున ఆరు నిమిషాలకొక బండి వచ్చేది, తూకానికి సగటున అయిదు నిమిషాలు పట్టేది. "ఆరుకొకటి వస్తుంటే అయిదులో పంపిస్తాండాం కదప్పా, ఇంక క్యూ ఎట్ల వస్తాది?" అని మా ఓనరు రోజూ గుమస్తా మీద ఎగిరేవాడు. గుమస్తా పాపం తల ఎత్తకుండా చీటీలు రాస్తూనే ఉండేవాడు.

ఒకరోజు పొద్దున తొమ్మిది గంటలను సున్నా అనుకొని ఎనిమిది బండ్లు రాసుకున్నాను. వచ్చిన నిమిషాలు 0, 2, 5, 6, 20, 29, 31, 42. తూకానికి పట్టినవి వరసగా 5, 4, 7, 3, 5, 8, 4, 4. కూడి చూడండి. బండికీ బండికీ మధ్య ఎడం సగటున సరిగ్గా 6, తూకం సగటున సరిగ్గా 5. ఓనరు చెప్పిన అంకెలే.

ఇప్పుడు వేలు పెట్టి నడుపుదాం. మొదటి బండి 0కి ఎక్కి 5కి దిగింది. రెండోది 2కే వచ్చినా 5 దాకా ఆగి, 9కి దిగింది. మూడోది 5కి వచ్చింది, 9కి ఎక్కింది, 16కి గానీ దిగలేదు (రైతు చెప్పిన ఊరి పేరు గుమస్తాకు మూడుసార్లు అడిగితే గానీ అర్థం కాలేదు). నాలుగోది 6కి వచ్చి 16 దాకా నిలబడింది, పది నిమిషాలు. దాని తూకం మూడు నిమిషాల్లోనే అయిపోయింది. తర్వాత 19 నుంచి 20 దాకా కాటా మీద ఎవరూ లేరు. 25 నుంచి 29 దాకా కూడా అంతే, గుమస్తా వెళ్లి టీ తాగొచ్చాడు. ఏడోది 6 నిమిషాలు ఆగింది. 41 నుంచి 42 దాకా మళ్లీ ఖాళీ. అంటే కాటా 6 నిమిషాలు ఊరికే ఉంది, బండ్లేమో మొత్తం 23 నిమిషాలు ఆగాయి. ఖాళీగా పోయిన ఆ ఆరు నిమిషాలను మూట కట్టి రద్దీ వేళకు దాచుకోలేం కదా, చిక్కంతా అక్కడే.

దీన్నే ఎక్సెల్‌లో పెడదాం. ఎ కాలమ్‌లో ఎడం, బిలో వచ్చిన సమయం, సిలో తూకం, డిలో కాటా ఎక్కిన సమయం, ఇలో దిగిన సమయం, ఎఫ్‌లో ఆగిన సేపు. బి అంటే పై వరస బికి ఈ ఎడం కలపడం (మొదటి బండికి పై వరస లేదు కాబట్టి దాని బిలో 0 వేయండి). ఇ అంటే డి, సి కూడటం. ఎఫ్ అంటే డిలోంచి బి తీసేయడం. డి దగ్గర మాత్రం నిదానించండి. తాను వచ్చిన సమయం, ముందు బండి దిగిన సమయం, ఈ రెండింట్లో ఏది పెద్దదైతే అది. మ్యాక్స్ ఫంక్షన్‌లో ఈ వరస బిని, పై వరస ఇని పెడితే చాలు. క్యూ మొత్తం ఆ ఒక్క గడిలోనే పుడుతుంది. ముందు నా ఎనిమిది బండ్లు వేసి 23 వస్తోందో లేదో చూసుకోండి. రాకపోతే ముందుకు పోవద్దు.

సరిపోయిందా? ఇప్పుడు నా అంకెలు చెరిపేసి, రెండో పాఠంలో నేర్చుకున్న రాండ్‌ను, అంటే 0కీ 1కీ మధ్య ఏదో ఒక అంకెను విసిరే ఫంక్షన్‌ను, దించండి. ఎ గడిలో మైనస్ 6 ఇంటూ ఎల్‌ఎన్ (లాగరిథమ్ కట్టే ఫంక్షన్), దాని బ్రాకెట్‌లో రాండ్. సి గడిలో 6 బదులు 5. చిన్న అంకెలు ఎక్కువగా, పెద్దవి అరుదుగా వస్తాయి. ఒకదానికొకటి సంబంధం లేకుండా వచ్చే బండ్లకు ఇది బాగా నప్పుతుంది. తూకానికి అంతగా నప్పదు, పది సెకన్లలో ఎవరూ తూకం వెయ్యరు. మీ సొంత లెక్క వచ్చాక దాన్ని మార్చుకుందాం.

ఎనిమిది గంటల పనికి సుమారు 80 వరసలు. ఎఫ్ కాలమ్ సగటు చూస్తూ కీబోర్డు మీద ఎఫ్9 మీట నొక్కండి. నొక్కినప్పుడల్లా ఒక కొత్త రోజు. ఒక రోజు సగటు పది లోపు ఉంటుంది, ఇంకో రోజు నలభై దాటొచ్చు. గుమస్తా అదే, కాటా అదే! 1946లో స్టానిస్లా ఉలామ్ అనే గణిత శాస్త్రవేత్త జబ్బు నుంచి కోలుకుంటూ ఒంటరిగా పేకాడుతూ, ఆట గెలిచే అవకాశమెంతో లెక్కగట్టే బదులు వందసార్లు ఆడి లెక్కపెట్టుకుంటే పోదా అనుకున్నాడు. ఇలా పదేపదే ఆడించి చూసి లెక్క తేల్చే మాంటీ కార్లో పద్ధతికి అదే మొదలు. మీరు ఎఫ్9 నొక్కుతున్నదీ అందుకే.

వరసలను పదివేల దాకా లాగితే సగటు 25 నిమిషాల చుట్టూ తిరుగుతుంది. అయిదు నిమిషాల పనికి పాతిక నిమిషాల ఎదురుచూపు. నేనైతే మొదటిసారి ఫార్ములా తప్పనుకొని మళ్లీ మొదటినుంచీ కొట్టాను. ప్రతి తూకం కచ్చితంగా 5 నిమిషాలే అనుకొని సిలో 5 నింపి చూడండి, ఎదురుచూపు 12న్నర దగ్గరికి దిగుతుంది. అదే సగటు ఉన్నా, తూకంలో ఎగుడుదిగుడు పోయినందుకే సగం తగ్గింది. దాన్ని తీసేసి, పాత తూకాలన్నిటినీ 0.8తో గుణించండి, అంటే సగటు 4. ఎదురుచూపు 8 దగ్గరికొస్తుంది. ఆ ఒక్క నిమిషం ఎక్కడ దొరుకుతుందంటారా? పేరు, ఊరు, నంబరు బండి క్యూలో ఉండగానే ఒక కుర్రాడు రాసుకొస్తే సరి.

రెండు పద్ధతులు పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. రెండింటికీ ఒకే బండ్లు రావాలి. ఎ, సి కాలమ్‌లను కాపీ చేసి పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్‌గా అతికించి, ఆ తర్వాతే గుణించండి. లేకపోతే తగ్గింది మీ ఉపాయం వల్లో, రోజు బాగుండటం వల్లో తేలదు.

మా ఓనరు ఇవేవీ వినలేదు. అప్పు తెచ్చి రెండో కాటా పెట్టించాడు. వారం తిరక్కుండానే బారు కాటా దగ్గర్నుంచి పత్తి దించే చోటికి మారింది. హమాలీలు ముందున్నంతమందే కదా మరి. పైగా సరుకు దించిన ప్రతి బండీ ఖాళీ బరువు కోసం మళ్లీ కాటాకే రావాలి. ఈ రెండూ ఇవాళ్టి మన ఎక్సెల్‌లో లేవు. నాలుగో పాఠంలో అవే కలుపుతాం.

అప్పటిదాకా పని: మీరు రాసుకున్న లెక్కను ఎ, సి గడుల్లో నింపి, ఎక్కువసేపు ఆగిన మనిషి ఎవరో చూడండి. అతనికి ముందున్న ముగ్గురి తూకం, ఎడం విడిగా ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి.