బీకాంప్లెక్స్ కొనే ముందు ఓసారి నోరు తెరిచి చూడండి

సంగటిలోకి కారంగా నూరిన ఊరిబిండి పచ్చడి లేకపోతే మా అత్తమ్మకు ముద్ద దిగదు. చిత్తూరు పక్క పల్లె ఆమెది. అలాంటి మనిషి మొన్న ఎండాకాలం "నోరు మండతా ఉంది, మజ్జిగ పొయ్యి మే" అనడం మొదలుపెట్టింది. వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లిచ్చాను, పది రోజులు బీకాంప్లెక్స్ వేశాను. నోట్లోకి తొంగిచూసింది పదకొండో రోజు!

చూసేటప్పుడు పళ్ల సెట్టు తీయించండి. నీళ్లతో పుక్కిలించమని, ఫోన్ టార్చ్ వేయండి. నాలుక ఒక్కటే చూసి ఆపకుండా చెంపల లోపలి వైపు, అంగిలి కూడా చూడాలి. అత్తమ్మకు చెంపల లోపల విరిగిన పాల తునకల్లా తెల్లగా అతుక్కుని ఉన్నాయి. చేతులు కడుక్కుని, తడి గాజుగుడ్డ వేలికి చుట్టి ఒక మచ్చను మెల్లగా తుడిచాను. ఊడొచ్చింది. కింద ఎర్రగా, పచ్చిగా ఉంది, సన్నగా నెత్తురు కూడా. ఇలా ఉంటే కాండిడా అనే ఫంగస్ అని అనుమానించాలి.

తుడిచినా రాని తెల్లమచ్చను, ముఖ్యంగా పొగాకు, వక్క నమిలేవాళ్లలో, డాక్టరుకు చూపించకుండా వదలొద్దు. క్యాన్సర్‌కు ముందు దశ కావచ్చు. పసిపిల్లల నాలుక మీది పాల చారైతే సులువుగా పోతుంది. తెలుపే లేకుండానూ ఈ ఫంగస్ వస్తుంది: సెట్టు ఆనే మేర అంగిలి ఎర్రబడుతుంది, మూతి చివర్లు పగులుతాయి.

తిరుపతిలో డాక్టరు చూడగానే గుర్తుపట్టారు. అయినా చెక్కపుల్లతో గీకి, గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, మైక్రోస్కోపులో ఫంగస్ పోగులు చూశారు. మందుకు లొంగకపోతే ఫంగస్‌ను ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ పెడతారట. షుగర్ పరీక్ష రాశారు, ఈమధ్య యాంటీబయాటిక్స్ వాడారా అని అడిగారు. కారణం తేలకపోతే కొందరికి హెచ్‌ఐవి పరీక్ష కూడా రాస్తారు, నొచ్చుకోవద్దు. మింగుతుంటే గొంతులో, ఎదలో నొప్పి ఉంటే అన్నవాహికకూ పాకిందేమో చూడాలి, ఆలస్యం చేయకండి.

మా ఇంట్లో దొంగ, ఆయాసానికి వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్. పీల్చాక పుక్కిలించి ఉమ్మమని ముందే చెప్పారు. "మందంతా ఉమ్మేస్తే ఇంక లాభమేంది మే?" అని అత్తమ్మ ఉమ్మేదే కాదు. మందు చేరాల్సింది ఊపిరితిత్తులకు, నోట్లో మిగిలింది అక్కడి రక్షణ తగ్గించి ఫంగస్‌కు దారిస్తుంది అని డాక్టరే చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు పుక్కిలిస్తోంది, నాకు వినబడేలా గొణుక్కుంటూ. ఊరిబిండి మళ్లీ రోట్లో నూరిస్తోంది.