ఇంట్లో కూర్చుని విమానదూరం లెక్కకట్టడం – 3వ పాఠం: ఉత్తరాన గీతలు దగ్గరపడతాయి

పోయిన పాఠంలో ఒక అక్షాంశ డిగ్రీ అంటే 111.2 కి.మీ. అని పట్టుకున్నాం. అది హైదరాబాద్‌లోనూ అంతే, ధ్రువం దగ్గరా దాదాపు అంతే. రేఖాంశం అలా కాదు. హైదరాబాద్ దగ్గర ఒక డిగ్రీ తూర్పుకు జరిగితే 106 కి.మీ. నార్వేలోని ట్రోమ్సోలో 39 కి.మీ. కూడా రాదు. ఇంకా పైన, స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగియర్‌బైన్‌లో 23 లోపే. పుచ్చకాయ మీది చారలు తొడిమ దగ్గరికొచ్చేసరికి ఒకదాన్నొకటి ఒరుసుకోవూ, అదే సంగతి.

ఈసారి ఈ రెండు విమానాశ్రయాల మధ్యే లెక్క.

ట్రోమ్సో: ఉత్తరం 69.68, తూర్పు 18.92.
లాంగియర్‌బైన్: ఉత్తరం 78.25, తూర్పు 15.47.

అక్షాంశాల తేడా 8.57. దాన్ని 111.2తో గుణిస్తే 953 కి.మీ. ఇక్కడిదాకా పాత పాఠమే.

రేఖాంశాల తేడా 3.45. దీన్ని నేరుగా గుణించకండి. ముందు రెండు అక్షాంశాల సగటు తీయండి: 74. బేరెంట్స్ సముద్రంలో బ్యోర్నోయా అనే చిన్న దీవి ఉండేది ఆ చుట్టుపక్కలే. గీతలు ఎంత దగ్గరపడ్డాయో చెప్పేది ఆ అక్షాంశపు కోసైన్; 74 డిగ్రీల కోసైన్ 0.2756. ఇప్పుడు 3.45 × 0.2756 × 111.2 అంటే 106 కి.మీ.

ఒకటి నిలువు, ఒకటి అడ్డం. ఇక బడిలో చదివిన పైథాగరసే: 953 వర్గం, 106 వర్గం కూడి వర్గమూలం తీస్తే 959 కి.మీ.

నేను మొదటిసారి కోసైన్ మరిచిపోయి 1,027 తెచ్చాను. దాదాపు 70 కి.మీ. గాల్లో పుట్టించానన్నమాట! ఇంకో తిరకాసు కూడా ఉంది. ఫోన్ కాలిక్యులేటర్ రేడియన్లలో (కోణాన్ని కొలిచే ఇంకో కొలమానం) ఉంటే అదే 74కి 0.17 చూపిస్తుంది. 0.27 కనబడకపోతే డిగ్రీలకు మార్చుకోండి.

ఇక సమయం. జెట్ సగటున గంటకు 800 కి.మీ. అనుకుంటే గంటా 12 నిమిషాలు. ఎదురుగాలి 80 ఉంటే నేల మీద వేగం 720కి పడిపోతుంది, గంటా 20 అవుతుంది. టాక్సీయింగ్‌కీ (విమానం నేల మీద రన్‌వే దాకా నడవడం), ఎక్కడం దిగడంలో తగ్గే వేగానికీ అరగంట దాకా కలపండి. టైంటేబుల్లో గంటా నలభై నిమిషాలకు అటూ ఇటూ కనిపించేది అందుకే. రెండుచోట్లా నార్వే గడియారమే, కాబట్టి టైమ్ జోన్ బెడద లేదు. కాకపోతే స్వాల్‌బార్డ్ షెంజెన్ (సరిహద్దుల్లో పాస్‌పోర్ట్ తనిఖీ లేకుండా తిరిగే ఐరోపా దేశాల ప్రాంతం) పరిధిలో లేదు. నార్వేలోనే తిరుగుతున్నా పాస్‌పోర్ట్ చూపించాలి, ఆ క్యూలో నిలబడే సమయం మన సూత్రంలో దొరకదు.

రేఖాంశాల తేడా బాగా పెరిగితే, అంటే కెనడాలో యెల్లోనైఫ్ నుంచి ఇకాలుయిట్‌కు ఉన్నట్టు 46 డిగ్రీలైతే, ఈ పద్ధతి నమ్మదగ్గది కాదు. దాని పని వచ్చే పాఠంలో పడదాం.

ఈలోగా ట్రోమ్సో నుంచి ఆల్టాకు (69.98, 23.37) మీరే కట్టండి. 174 దగ్గర రావాలి.