వెనక సీటు నుంచి మొదలుపెట్టండి: కారులో బెల్టులు, ఎయిర్‌బ్యాగులు, తాళాలు సరిగ్గా వాడే పద్ధతి

సింహాచలం కొండకైనా, భీమిలి బీచ్ రోడ్డు మీద సాయంత్రం షికారుకైనా, విశాఖలో కారెక్కిన కుటుంబాన్ని చూడండి. ముందున్న ఇద్దరూ చలానా భయానికి బెల్టు లాక్కుంటారు. వెనక అమ్మమ్మ, ఇద్దరు పిల్లలు, ఒళ్లో చంటిది, కాళ్ల దగ్గర కొబ్బరికాయల సంచి. వెనక బకిళ్లు సీటు కవరు కింద ఎక్కడున్నాయో ఇంట్లో ఎవరికీ తెలియదు. బెల్టులకీ, ఎయిర్‌బ్యాగులకీ, తాళాలకీ కారు ధరలోనే డబ్బు కట్టేశాం. వాటిలో సగం మన అలవాట్ల వల్లే పనికిరాకుండా పోతున్నాయి.

బెల్టు

ముందు బకిళ్లను పైకి తీయండి. వెనక సీటుకి కుట్టించే రెగ్జిన్ కవర్లలో చాలావాటికి బకిల్ కోసం కన్నం ఉండదు, ఉన్నా రెండంగుళాలు పక్కకి ఉంటుంది. కవరు వేయించిన షాపులోనే మూడు బకిళ్లూ బయటికొచ్చాయా, ఒక్కొక్కటీ టక్కుమని పడుతోందా అని చూసుకుని ఆ తర్వాతే డబ్బులివ్వండి. కొన్ని కార్లలో మధ్య సీటు బెల్టు పైకప్పులోంచి వస్తుంది, దానికి రెండు బకిళ్లు ఉంటాయి. రెండూ పెట్టాలి. ఒకటే పెట్టి వదిలేస్తే అది బెల్టు పెట్టుకున్నట్టు కాదు.

పెట్టుకునేటప్పుడు వీపు పూర్తిగా సీటుకి ఆనాలి. నడుము పట్టీ పొట్ట మీద కాదు, ఇంకా కిందకి, తుంటి ఎముకల మీద కూర్చోవాలి. చీర కట్టుకున్నవాళ్లకి ఇక్కడే తేడా వస్తుంది: కుచ్చిళ్లు దోపిన ఎత్తున పట్టీ ఆగిపోతుంది. దాన్ని తొడలు మొదలయ్యే చోటికి చేత్తో దించాలి. తర్వాత భుజం పట్టీని పైకి లాగితే మిగిలిన వదులు పోతుంది. భుజం పట్టీ మెడకీ, భుజం అంచుకీ మధ్యలో కాలరు ఎముక మీదుగా రావాలి. మెడకి ఒరుసుకుంటోందని చంక కిందకి నెట్టేవాళ్లున్నారు. అలా పెడితే గుద్దుకున్నప్పుడు దెబ్బంతా పక్కటెముకల మీద, వాటి వెనకున్న కాలేయం మీద పడుతుంది. ఒరుసుకుంటుంటే ముందు సీటువాళ్లు పక్క స్తంభం మీదున్న మీట నొక్కి బెల్టు ఎత్తు దించుకోవచ్చు. చాలా కార్లలో ఆ ఏర్పాటు ఉంటుంది, వాడినవాళ్లే తక్కువ.

పట్టీ పొట్ట మీద ఉంటే ఏమవుతుంది? బండి ఒక్కసారిగా ఆగినప్పుడు శరీరం పట్టీ కిందనుంచి ముందుకి జారుతుంది, పట్టీ పేగుల్ని నొక్కేస్తుంది. సీటు బాగా వెనక్కి వాల్చి నిద్రపోయేవాళ్లకీ ఇదే ప్రమాదం. అరకు ఘాట్ రోడ్డు మీద నిద్రొస్తే పడుకోండి కానీ, సీటు వాల్చకండి. గర్భిణులు బెల్టు మానకూడదు. నడుము పట్టీ పొట్ట కిందనుంచి, భుజం పట్టీ రొమ్ముల మధ్యనుంచి పొట్ట పక్కగా పోవాలి.

బెల్టు బాగుందో లేదో చూడటానికి గట్టిగా ఒక్క లాగు లాగండి, బిగుసుకోవాలి. మెల్లగా లాగితే సాఫీగా రావాలి. ఘాట్ రోడ్డు మీద ఏటవాలుగా ఆపినప్పుడు బెల్టు అసలు బయటికి రాకపోతే చెడిపోయిందనుకోకండి. బండి వంగితే బిగుసుకునే గుండు లోపల ఉంటుంది. పట్టీని పూర్తిగా లోపలికి వదిలి మళ్లీ నెమ్మదిగా లాగండి. అప్పటికీ రాకపోతే బండిని కాస్త సమమైన చోటికి తేవాలి.

వదిలేశాక బెల్టు వెనక్కి చుట్టుకోకుండా వేలాడుతోందంటే చాలాసార్లు స్ప్రింగు తప్పు కాదు, మురికిది. మన ఊరి చెమట, సముద్రపు గాలి, దుమ్ము కలిసి పట్టీ మీద, అది తిరిగే పై వలయంలో జిగురులా పేరుకుంటాయి. పట్టీని చివరిదాకా లాగి, వెనక్కి పోకుండా బట్టల క్లిప్పు పెట్టండి. గోరువెచ్చని నీళ్లలో కాస్త షాంపూ కలిపి మెత్తటి గుడ్డతో తుడిచి, వలయాన్నీ తుడిచి, పూర్తిగా ఆరాకే క్లిప్పు తీయండి. బ్లీచింగు వాడితే దారాల బలం పోతుంది. తడిగా లోపలికి వదిలితే బూజు పడుతుంది. అంచులు చిట్లినా, పెద్ద గుద్దుడులో ఒకసారి బిగుసుకున్నా కడిగి లాభం లేదు, బెల్టు మొత్తం మార్చాలి.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద బెల్టు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. ముందుకి తిరిగి ఉన్న వెనక సీటుకీ బెల్టు నిబంధన ఉంది. 14 ఏళ్లలోపు పిల్లలకి బెల్టో, పిల్లల సీటో లేకపోతే ఆ జరిమానా డ్రైవరుకి. 2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో చనిపోయిన సైరస్ మిస్త్రీ వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్నారు. ఆ వార్త తర్వాత కొన్నాళ్లు వెనక బెల్టు గురించి అందరూ మాట్లాడారు, తర్వాత మానేశారు. బెల్టు హెచ్చరిక మోగకుండా బకిల్‌లో గుచ్చే ఉత్తుత్తి క్లిప్పుల్ని ఆన్‌లైన్ దుకాణాల నుంచి తీసేయమని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023లో ఆదేశించింది. మీ బండిలో ఒకటి ఉంటే ఇప్పుడే తీసి పారేయండి. వెనక బెల్టు లేని మనిషి గుద్దుడులో ఎగిరి పడేది తన ముందు కూర్చున్నవాళ్ల మీదే అని కూడా ఇంట్లో చెప్పండి.

ఎయిర్‌బ్యాగు ముందున్న దేవుడి బొమ్మ

ఎయిర్‌బ్యాగు బెల్టుకి తోడు, బదులు కాదు. రెప్పపాటులో పదో వంతు కాలంలో, గంటకి రెండు మూడు వందల కిలోమీటర్ల వేగంతో విచ్చుకుంటుంది. ఆ దారిలో ఏది ఉన్నా తూటాయే. పక్క సీటు ముందు డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగు గుర్తు ఎక్కడుందో వెతకండి. సరిగ్గా అక్కడే మనవాళ్లు గమ్‌టేపుతో అప్పన్న బొమ్మో, వినాయకుడో, సెంటు సీసానో అతికిస్తారు. దేవుణ్ణి మధ్యలోకి, ఏసీ గాలి వచ్చే చోట్ల కిందకి జరపండి. కాళ్లు డ్యాష్‌బోర్డు మీద పెట్టే అలవాటుంటే మోకాలే వచ్చి ముఖానికి తగులుతుంది. డ్రైవరు ఛాతీకీ, స్టీరింగు మధ్యభాగానికీ 25 సెంటీమీటర్లు తగ్గకూడదు, అంటే జానెడు కన్నా కాస్త ఎక్కువ.

సీటు పక్కన ఎయిర్‌బ్యాగు గుర్తు కుట్టి ఉంటే, ఆ పక్క కుట్టు విచ్చుకునేలా తయారైన కవరు మాత్రమే వేయించాలి. మామూలు రెగ్జిన్ కవరు దాన్ని మూసేస్తుంది. పక్క అద్దాల పైనున్న పట్టీలో కర్టెన్ ఎయిర్‌బ్యాగులు (తెరలా కిందకి దిగేవి) ఉంటే అక్కడి కొక్కేనికి ఇనుప హ్యాంగరు తగిలించకండి, చొక్కా ఒక్కటే తగిలించండి.

తాళం తిప్పగానే ఎర్రటి ఎయిర్‌బ్యాగు లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, వెలిగి ఆరకపోయినా తేడా ఉన్నట్టే. సీటు కింద పసుపుపచ్చ సాకెట్లు ఉంటాయి. వాక్యూమ్ పైపు తగిలో, సీటు కింద గొడుగు తోసినప్పుడో అవి వదులైతే ఈ లైటు వస్తుంది. చేత్తో కెలక్కండి, సర్వీసు సెంటరులో చూపించండి. ముందు బంపరుకి ఇనుప గార్డు బిగించడం 2017 నుంచే నిషిద్ధం. అది సెన్సార్ల లెక్క తప్పిస్తుంది.

పిల్లల సీటు

ఒళ్లో పెట్టుకోవడం గురించి ముందు ఒక లెక్క. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకుంటే పది కిలోల పిల్ల రెండొందల కిలోల బరువులా ముందుకి లాగుతుంది. ఎంత గట్టిగా పట్టుకున్నా చేతులు ఆపలేవు. ఒకే బెల్టులో తల్లీ పిల్లా ఇద్దర్నీ బిగిస్తే, పెద్దవాళ్ల బరువంతా పిల్ల మీద పడుతుంది. అది ఒళ్లో పెట్టుకోవడం కన్నా దారుణం.

15 నెలల వరకైతే తప్పనిసరిగా, వీలైతే ఇంకా ఎక్కువకాలం, వెనక్కి చూసే సీటు వాడాలి. పసిపిల్లల మెడ బరువైన తలని ఆపలేదు, వెనక్కి కూర్చుంటే వీపంతా దెబ్బని పంచుకుంటుంది. అలాంటి సీటుని పనిచేస్తున్న ఎయిర్‌బ్యాగు ముందు, అంటే డ్రైవరు పక్క సీట్లో, ఎప్పుడూ పెట్టకూడదు. వేరే దారి లేకపోతే ఎయిర్‌బ్యాగు ఆఫ్ చేసే తాళం కొన్ని కార్లలో డ్యాష్‌బోర్డు పక్క అంచున ఉంటుంది. తిప్పాక ఆఫ్ లైటు వెలిగిందని చూసుకోండి.

వెనక సీటుకి రెండు దిళ్ల మధ్య వేలు పెట్టి వెతికితే గట్టి ఇనుప కొక్కేలు తగులుతాయి, ఐసోఫిక్స్ అంటారు. పిల్లల సీటు చేతులు వాటిలో దిగాక రెండు పక్కలా గుర్తు పచ్చగా మారాలి. పైన ఇంకో పట్టీ ఉంటే దాన్ని వెనక సీటు వీపు వెనకో, డిక్కీ దగ్గరో ఉన్న కొక్కేనికి బిగించాలి, లగేజీ కట్టే రింగుకి కాదు. బిగించాక సీటు మొదలు దగ్గర పట్టుకుని ఊపితే రెండున్నర సెంటీమీటర్లకి మించి కదలకూడదు. ఐసోఫిక్స్ సీట్లలో చాలావాటికి సీటు, పిల్ల కలిపి 33 కిలోలే హద్దు. అది దాటితే కారు బెల్టుతో బిగించాలి.

పిల్లని కూర్చోబెట్టాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో మడతగా పట్టుకుని చూడండి. మడత పడిందంటే వదులుగా ఉంది. వెనక్కి చూసే సీట్లో పట్టీలు పిల్ల భుజాల ఎత్తునో, కాస్త కిందనో రావాలి, ముందుకి చూసే సీట్లో భుజాల ఎత్తునో, పైనో. మే నెలలో ఆర్కే బీచ్ దగ్గర ఎండలో ఆపిన బండిలో బకిల్ పెనంలా కాలుతుంది, కూర్చోబెట్టే ముందు ముట్టుకుని చూడండి. కాస్త పెద్ద పిల్లలకి బూస్టరు (కూర్చునే ఎత్తు పెంచే సీటు) వేస్తే బెల్టు మెడ మీదనుంచి భుజం మీదకి దిగుతుంది. సుమారు నాలుగున్నర అడుగుల ఎత్తు దాటేదాకా అది ఉండాలి.

తల దిండు గురించి ఒక్క మాట: దాని పై అంచు తల పైభాగం ఎత్తుకి రావాలి, తలకీ దానికీ మధ్య నాలుగు వేళ్ల సందు దాటకూడదు. వెనక వాళ్లు కనబడటం లేదని దించేసినవి చాలా కార్లలో అలాగే మెడ వెనక ఉండిపోతాయి, వెనకనుంచి గుద్దితే మెడ విరిచేది అదే. డిక్కీలో, ఒట్టి సీటు మీద కొబ్బరికాయలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల డబ్బాలు వదులుగా ఉంచకండి. ముఖ్యంగా నీళ్ల సీసా డ్రైవరు కాళ్ల కిందకి దొర్లి బ్రేకు కింద ఇరుక్కుంటుంది.

తాళాలు: లోపల, బయట

వెనక తలుపు తెరిచి దాని అంచు మీద, గొళ్లెం దగ్గర, చిన్న మీట చూడండి. అది పిల్లల తాళం. వేస్తే లోపలి హ్యాండిలు పనిచేయదు, బయటి హ్యాండిలు పనిచేస్తుంది. రెండు తలుపులకీ విడిగా వేయాలి. డ్రైవరు తలుపు మీద వెనక అద్దాల స్విచ్చుల్ని ఆపే బొత్తాం ఉంటుంది. తల బయటపెట్టిన పిల్లకి అద్దం పైకెత్తడం తమాషాగా అనిపించవచ్చు, ఆ బొత్తాం నొక్కి ఉంచండి.

కానీ కారు తాళమే ఇంకో చోట ప్రాణం తీస్తుంది. 2025 మేలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆగి ఉన్న కారులోకి ఆడుకోడానికి ఎక్కిన నలుగురు పిల్లలు తలుపుల తాళాలు పడిపోయి ఊపిరాడక చనిపోయారు. ఎండలో నిలిపిన బండి లోపల పది నిమిషాల్లోనే పది డిగ్రీలు పెరుగుతుంది, అద్దం రెండు వేళ్లు దించినా పెద్దగా లాభం ఉండదు. అందుకే ఇంటి ముందైనా, అపార్ట్‌మెంటు సెల్లారులోనైనా బండికి ఎప్పుడూ తాళం వేసి, తాళం చెవి పిల్లలకి అందని చోట పెట్టండి. నాలుగేళ్లు దాటిన పిల్లలకి రెండు విషయాలు కారులో కూర్చోబెట్టి చేయించి నేర్పండి: వెనక తలుపు రాకపోతే ముందు సీట్లోకి దూకి ముందు తలుపు హ్యాండిలు ఒకటికి రెండుసార్లు లాగడం, అది రాకపోతే హారను మీద చేయి తీయకుండా నొక్కడం. చాలా కార్లలో ఇంజను ఆపేసినా హారను మోగుతుంది. మీ బండిలో మోగుతుందో లేదో ముందే చూసుకోండి.

లోపల పెద్దవాళ్లుండగా రిమోటుతో తాళం వేసి టీకి వెళ్తే, వాళ్లు తలుపు తీయగానే అలారం అరుస్తుంది. బండి చెడిపోలేదు, దొంగనుకుంది. రిమోటులో తీసే బొత్తాం నొక్కితే ఆగుతుంది.

రుషికొండ, కైలాసగిరి పార్కింగుల్లో దిగినప్పుడు రిమోటు నొక్కి వెనక్కి తిరక్కుండా నడిచిపోవడం మానండి. సిగ్నలు అందకపోతే తాళం పడదు, కాబట్టి ఇండికేటర్లు మెరిసిన తర్వాత హ్యాండిలు ఒకసారి లాగి చూడాలి. బ్యాగు, ల్యాప్‌టాపు డిక్కీలో పెట్టాలనుకుంటే ఇంటి దగ్గరే పెట్టేయండి, పార్కింగులో పెడితే చూసేవాళ్లు చూస్తారు. ఆయిలు కారుతోందనో, డబ్బులు కింద పడ్డాయనో ఎవరైనా చెబితే అన్ని తలుపులూ తాళం వేసి, తాళం చెవి చేత్తో పట్టుకుని దిగండి. అది పాత ఎత్తుగడ, ఇంకా పనిచేస్తూనే ఉంది.

స్మార్ట్ కీ బ్యాటరీ చచ్చిపోతే గాభరా పడొద్దు. కీ అంచున మీట నొక్కితే చిన్న ఇనుప తాళం చెవి బయటికొస్తుంది, డ్రైవరు హ్యాండిలు దగ్గరున్న కన్నంలో అది పడుతుంది. కొన్ని కార్లలో ఆ కన్నం మీద ప్లాస్టిక్ మూత ఉంటుంది. లోపలికెళ్లాక కీని స్టార్టు బొత్తానికి ఆనించి నొక్కితే ఇంజను లేస్తుంది.

తుపాను వానకి నీళ్లు తలుపుల ఎత్తుకి వచ్చేస్తే ముందు బెల్టులు విప్పి, కరెంటు ఉండగానే అద్దాలు దించి, పిల్లల్ని ముందు బయటికి పంపి దిగండి. అద్దం దిగకపోతే పక్క అద్దాన్ని మూల దగ్గర కొట్టాలి. ముందు అద్దం పొరలున్నది, పగిలినా ఊడదు. సుత్తి, బెల్టు కోసే కత్తి గ్లవ్‌బాక్సులో కాక డ్రైవరు చేయి అందే చోట బిగించి ఉంచండి. సాయానికి 112, అంబులెన్సుకి 108, జాతీయ రహదారి మీదైతే 1033.

క్యాబులో వెళ్లేటప్పుడు ఎక్కగానే వెనక తలుపు హ్యాండిలు లోపలినుంచి ఒకసారి లాగి చూడండి. టాక్సీలకి 2019 జులై నుంచి పిల్లల తాళం ఉండకూడదు. తెరుచుకోకపోతే బండి కదలకముందే దిగి వేరేది పిలవండి.