పాత లగ్జరీ సెడాన్ కొనేముందు: ఏది పాడవుతుంది, ఖర్చంతా ఎక్కడుంటుంది

ఇప్పటికి మూడు పాత లగ్జరీ సెడాన్లు వాడాను. మొదటిది చూడటానికి వెళ్లేసరికే ఇంజిన్ వేడెక్కి ఉంది. బోనెట్ మీద చెయ్యి వేసి ఉంటే తెలిసేది, వెయ్యలేదు. ఇంటికి తెచ్చుకున్న మర్నాడు పొద్దున్నే స్టార్ట్ చేస్తే రెండు సెకన్లపాటు గలగలమని చప్పుడొచ్చి ఆగిపోయింది. అది టైమింగ్ చైన్, అంటే ఇంజిన్ వాల్వులు సరైన వేళకు తెరుచుకుని మూసుకునేలా తిప్పే గొలుసు. కారుకి పెట్టిన డబ్బులో మూడో వంతు దాని బాగుకే పోయింది.

అందుకే ఇప్పుడు రాత్రంతా ఆపి ఉంచిన కారునే చూస్తాను. అమ్మేవారికి ముందే చెబుతాను, నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని. వెళ్లాక ఇంజిన్ వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానంటాను. చల్లటి ఇంజిన్ దాచలేని విషయాలు చాలా ఉన్నాయి. చైన్ చప్పుడు, మొదటి నిమిషంలో వచ్చే నీలిపొగ, ఊగిసలాడే ఐడ్లింగ్ అన్నీ అప్పుడే బయటపడతాయి.

పాత కారు ధర ఏటా పడిపోతుంది గానీ దాని స్పేర్ పార్టుల ధర పడిపోదు. ఈ సంగతి చాలామందికి తెలుసు. తెలియాల్సింది ఇంకొకటుంది: పార్టు ఖరీదెంత అన్నదానికంటే అది ఎక్కడ కూర్చుందన్నదే బిల్లును నిర్ణయిస్తుంది. బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజిన్‌లో టైమింగ్ చైన్ ముందువైపు కాదు, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. ఆడి 3.0 టీడీఐ వీ6లోనూ చైన్లు వెనకే. వాటిని మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, లేదా ఇంజినే దించాలి. మెర్సిడెస్ ఎం272 వీ6 తొలి ఇంజిన్లలో, అదురు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్ గేరు పళ్లు అరిగిపోయేవి. ఆ గేరు గుప్పిట్లో పట్టేంతే, దాన్ని అందుకోవడానికి మాత్రం ఇంజిన్ బయటికి రావాలి. కాబట్టి మోడల్ పేరు చూసి మోజు పడకండి. ఎన్47, ఎం272 లాంటి ఇంజిన్ కోడ్ అడగండి, చైన్ ఎటువైపు ఉందో తెలుసుకోండి, ఆ తర్వాతే బేరం.

లీకుల దగ్గర నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది కారి దేనిమీద పడుతోంది? ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్ చిన్న రబ్బరు ముక్క. దాన్నుంచి కారే ఆయిల్ కింద తిరిగే బెల్టు మీద పడితే బెల్టు నాని, చీలి, పుల్లీల్లోకి లాక్కుపోతుంది. వాల్వ్ కవర్ గాస్కెట్ కారితే వేడి ఎగ్జాస్ట్ మీద పడి క్యాబిన్‌లోకి కాలిన వాసన వస్తుంది. కూలెంట్ ట్యాంకు, దాని పైపుల కొసలు ప్లాస్టిక్‌వి. పదేళ్లు వేడికి మగ్గాక పెళుసెక్కి ఒక రోజు పుటుక్కున విరుగుతాయి. అప్పుడు వెంటనే ఆపితే పోయేది ట్యాంకు ఒక్కటే. ఇంకో నాలుగు కిలోమీటర్లు లాక్కెళదామనుకుంటే ఇంజిన్ పైభాగం, అంటే సిలిండర్ హెడ్, వంగిపోతుంది. బీఎండబ్ల్యూ ఎన్52 పెట్రోల్ ఇంజిన్‌కి వాటర్ పంపు బెల్టుతో కాకుండా కరెంటుతో తిరుగుతుంది. అది కారకుండానే, చప్పుడు చెయ్యకుండానే ఆగిపోగలదు. పంపు మార్చేటప్పుడు పక్కనే ఉన్న, కూలెంట్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ కూడా మార్పించండి, అల్యూమినియం బోల్టులు కొత్తవే వేయించండి. ఒక్కసారి బిగించి విప్పాక అవి మళ్లీ పనికిరావు.

ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి నింపిన స్ట్రట్‌లు) ఉన్న కారైతే రాత్రి ఆపినప్పుడు నాలుగు చక్రాల దగ్గర, ఫెండర్ అంచు నుంచి చక్రం మధ్యవరకు టేపుతో కొలవండి. తెల్లారాక మళ్లీ కొలవండి. ఒక మూల కుంగితే చాలావరకు అక్కడి ఎయిర్ స్ట్రట్ నుంచి గాలి కారుతోందన్నమాట. నా రెండో కారు ముందు ఎడమవైపు రెండు వేళ్లు కుంగేది. స్టార్ట్ చేస్తే లేచేది కదా అని ఏడాది ఊరుకున్నాను. కారిపోయే గాలిని నింపలేక నింపలేక కంప్రెసర్ కాలిపోయింది. ఒక బిల్లు కావాల్సింది రెండయింది. లీకు దొరికిన నెలలోనే స్ట్రట్ మార్చడం చవక. కంప్రెసర్ వేస్తే దాని రిలే (దానికి కరెంటిచ్చే స్విచ్) కూడా కొత్తది వెయ్యాలి.

గేర్‌బాక్స్ గురించి అమ్మేవారు తరచూ అనే మాట: 'ఆయిల్ లైఫ్‌టైమ్, మార్చక్కర్లేదు.' నమ్మకండి. ఎన్నో బీఎండబ్ల్యూ, ఆడి కార్లలో ఉండే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తయారుచేసే జెడ్‌ఎఫ్ సంస్థే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు, ఆయిల్ మార్చమంటుంది. దాని 6హెచ్‌పీ, 8హెచ్‌పీ గేర్‌బాక్సుల్లో చాలావాటికి ఫిల్టర్ కింది ప్లాస్టిక్ ఆయిల్ తొట్టి (సంప్)లోనే కలిసి ఉంటుంది, సంప్‌తో సహా మార్చాలి. ఆ ఖర్చు చూసి వెనకాడి గేర్‌బాక్స్ రిపేరు దాకా వెళ్లినవాళ్లను చూశాను, బాధేసింది. నడిపి చూసేటప్పుడు కారు బాగా వేడెక్కాక రెండు నుంచి మూడుకు, మళ్లీ మూడు నుంచి రెండుకు గేరు మారేచోట కుదుపుందేమో గమనించండి.

డీజిల్ అయితే వాడకం అడగండి. రోజూ మూడు, నాలుగు కిలోమీటర్లే తిరిగిన కారులో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మసితో నిండిపోతుంది. ఆ మసి కాలాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి, చిన్న ప్రయాణాల్లో అది రాదు. బ్యాటరీ చిన్న విషయమే అయినా, చాలా మోడళ్లలో కొత్తది వేశాక, కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్‌తో కారుకి నమోదు చేయించాలి. లేకపోతే ఛార్జింగ్ పాత బ్యాటరీ లెక్కలోనే సాగుతుంది.

మంచి స్కానర్ ఉన్న మెకానిక్‌ని వెంట తీసుకెళ్లండి. డాష్‌బోర్డ్ మీద లైట్లేవీ లేవంటే చాలదు. లోపాలను చెప్పే పాత కోడ్లు ఆరోజే చెరిపేసి ఉంటే, కారు తనను తాను పరీక్షించుకుందో లేదో చెప్పే రెడీనెస్ మానిటర్లు 'పూర్తి కాలేదు' అని చూపిస్తాయి. అలా చూపిస్తే కారణం అడగండి, సరైన జవాబు రాకపోతే లేచి వచ్చేయండి.

అంచనా బిల్లు వచ్చాక నేను నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీస్తాను: పార్టు, లేబర్ గంటలు, అదే చోట విప్పినప్పుడు మార్చదగినవి. మూడో గడి వల్లే నాకు ఎక్కువ డబ్బు మిగిలింది. చైన్ కోసం గేర్‌బాక్స్ దించినప్పుడు క్రాంక్ షాఫ్ట్ వెనక ఆయిల్ కారకుండా ఆపే సీల్ మారిస్తే దాని ధర ఒక్కటే పడుతుంది, తర్వాత మారిస్తే లేబరంతా మళ్లీ కట్టాలి. పార్టుల్లోనూ కారు కంపెనీ డబ్బాలో వచ్చేదే కావాలని పట్టుబట్టక్కర్లేదు. బుష్‌లకు లెమ్‌ఫోర్డర్, షాక్ అబ్జార్బర్లకు సాక్స్, ఫిల్టర్లకు మాన్ లాంటి కంపెనీలు కారు తయారీదారులకూ సరఫరా చేస్తాయి. వాళ్ల సొంత డబ్బాలో కొంటే తక్కువకు వస్తుంది.

కొన్న మొదటి నెల ఇంజిన్ ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ నాలుగూ మార్పిస్తాను, పాత రికార్డు ఏం చెప్పినా సరే. తారీఖులు అదే నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకుంటాను.