మంగమారిపేట రాతి తోరణం చూడాలంటే ఆటు టైమ్ చూసుకోండి

బరంపురం, ఛత్రపురం నుంచి కారులో వైజాగ్ వెళ్లే మనవాళ్లు చాలామంది 16వ నంబరు హైవే మీదే నేరుగా సిటీలోకి వెళ్లిపోతారు. తగరపువలసలో ఎడమకు తిరిగి భీమిలి వెళ్లి, బీచ్ రోడ్డు పట్టుకోండి. ముందు ఎర్రమట్టి దిబ్బలు, ఆ తర్వాత తొట్లకొండ కింద మంగమారిపేట దగ్గర సముద్రం తొలిచిన రాతి తోరణం వస్తాయి.

తోరణం దగ్గరికి మాత్రం ఆటు సమయంలోనే వెళ్లాలి. పోటు మీద ఉంటే అలలు రాళ్ల మీద విరుచుకుపడతాయి, పిల్లలతో ఉంటే ఒకటే టెన్షన్. పోటు తర్వాత సుమారు 6 గంటలకు ఆటు వస్తుంది, ఆ వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఫోన్‌లో వైజాగ్ టైడ్ టైమ్ చూసి, పూర్తి ఆటుకు గంట ముందే చేరండి. అప్పుడు నీళ్లు ఇంకా తీస్తూనే ఉంటాయి, తీరిగ్గా చూడొచ్చు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటులో నీళ్లు ఇంకా వెనక్కి పోతాయి. కానీ పోటు కూడా అంతే పైకి వస్తుంది, కాబట్టి ఆలస్యం చేయకండి.

పచ్చని నాచు పట్టిన రాయి మీద కాలు వేయొద్దు. ఫొటో కోసం తోరణం ఎక్కనే ఎక్కొద్దు, దయచేసి.