పెళ్లి ఫొటోలతో విసిగి, మళ్లీ ఫొటోల మీద ఇష్టం తెచ్చుకున్నాను

గుంటూరులో పెళ్లి ఫొటోలు తీయడం నా పని. అర్ధరాత్రి ముహూర్తాలు, ఆల్బమ్ కరెక్షన్లు, "రీల్ ఎప్పుడిస్తారన్నా" అంటూ ఫోన్లు. చివరికి కెమెరా బ్యాగ్ చూస్తేనే టెన్షన్ వచ్చేది.

నన్ను బయటపడేసింది ఓ పాత ఫిల్మ్ కెమెరా, 50 ఎంఎం లెన్స్. రోల్‌కి 36 ఫొటోలే. వెనక స్క్రీన్ ఉండదు. వెలుతురు కొలిచే మీటర్ పనిచేయదు, మంచి ఎండలో అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం) ఎఫ్ 16, 400 ఐఎస్ఓ (వెలుతురుకి ఫిల్మ్ స్పందించే వేగం) ఫిల్మ్‌కి షట్టర్ సెకనులో 1/500 వంతు పెడితే చాలు. వెలుతురును మళ్లీ కళ్లతో అంచనా వేయడం మొదలైంది. అసలు ఆనందమంతా అక్కడే ఉంది.

ఆ కెమెరాతో గుంటూరు దగ్గర పక్షులు చేరే ఉప్పలపాడు చెరువుకి వెళ్తాను. గూడబాతు (పెలికాన్) పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి చేపలు తింటుంది. ఈ లెన్స్ దూరాన్ని దగ్గర చేయదు కాబట్టి అది చిన్నగానే పడుతుంది, పడనీ. ఆ ఫొటోలు అమ్మను. పెళ్లిళ్లు మానలేదు, కానీ నెలకో ఆదివారం ఎంత మంచి ముహూర్తమైనా ఒప్పుకోను.