లిబ్రేఆఫీస్ ఉన్నట్టుండి మూసుకుపోతోందా? ఫైలును తిట్టే ముందు గ్రాఫిక్స్ సంగతి చూడండి

ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌లో ఉత్తరాలు రాసుకునే రైటర్ తెరిచి నాలుగు పేరాలు కొట్టగానే కిటికీ మొత్తం మాయమవుతుంది. మళ్లీ తెరిస్తే, పోయిన ఫైలును తిరిగి తెచ్చుకోమంటూ ఒక పెట్టె వస్తుంది. తెచ్చుకున్న పది నిమిషాలకు మళ్లీ అదే తంతు. ఇక్కడ చాలామంది చేసే పని ఒకటే: సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించడం. గంట ఖర్చవుతుంది, జబ్బు అలాగే ఉంటుంది. ఎందుకంటే లిబ్రేఆఫీస్‌ను తీసేసినా మీ సెట్టింగులు దాచిన యూజర్ ఫోల్డర్ మామూలుగా చెక్కుచెదరదు. తెర మీద బొమ్మ గీసే చిప్‌ను నడిపించే ప్రోగ్రామ్, అంటే గ్రాఫిక్స్ డ్రైవర్, జోలికైతే ఆ పని అసలే వెళ్లదు.

డ్రైవర్‌కూ ఉత్తరం రాసుకోవడానికీ ఏమిటి సంబంధం అనిపించడం సహజమే. విండోస్‌లో లిబ్రేఆఫీస్ 7.0 నుంచి, అంటే 2020 ఆగస్టు నుంచి, తెర మీద అక్షరాలూ గీతలూ గీసే పని స్కియా అనే లైబ్రరీ (ప్రోగ్రాములు వాడుకునే సిద్ధంగా ఉన్న కోడ్) చేస్తోంది. వీలున్న కంప్యూటర్లలో అది వల్కన్ (ప్రోగ్రాములు గ్రాఫిక్స్ చిప్‌తో మాట్లాడే ఒక పద్ధతి) ద్వారా ఆ పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగిస్తుంది. అప్పుడు డ్రైవర్‌లోని కొంత భాగం నేరుగా లిబ్రేఆఫీస్ మెమొరీలోకి వచ్చి కూర్చుంటుంది. అక్కడ అది తప్పటడుగు వేస్తే కూలేది ఆతిథ్యమిచ్చిన ప్రోగ్రామే. పేచీ పెట్టే డ్రైవర్ల జాబితా ఒకటి లిబ్రేఆఫీస్ తన దగ్గర ఉంచుకుని, వాటితో వల్కన్ వాడటం మానుకుంటుంది. ఆ జాబితాకు ఎక్కనివాటితోనే మన తంటా.

లక్షణాలు: ఏది గ్రాఫిక్స్, ఏది కాదు

మెనూ తెరిస్తే నల్లటి చతురస్రం కనబడటం, పేజీని జరిపితే పాత అక్షరాల నీడలు మిగిలిపోవడం, ప్రొజెక్టర్ తీగ తగిలించిన క్షణంలోనో, ల్యాప్‌టాప్ నిద్ర లేచినప్పుడో ప్రోగ్రామ్ పడిపోవడం: ఇవి గ్రాఫిక్స్ వైపు చూపే గుర్తులు. ఏ ఫైలు తెరిచినా ఇదే జరుగుతుంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

ఒకే ఒక్క ఫైలుతో పడిపోతుంటే ముందు ఆ ఫైలునే అనుమానించండి. తెలుగులో టైపు చేసేవాళ్లు పొరబడే చోటు ఇంకొకటుంది. ఒత్తులు పక్కకు జరగడం, వట్రసుడి విడిగా నిలబడటం, అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు రావడం వంటివి సాధారణంగా ఫాంటు లోపాలు. ఫాంటు మార్చగానే సర్దుకుంటే గ్రాఫిక్స్‌ను వదిలేయండి. ఫాంటు ఏదైనా సరే, అక్షరాలతో పాటు మెనూలూ బొత్తాలూ కూడా చెదిరిపోతుంటేనే ఈ వ్యాసం మీకు.

విండోస్ రాసి పెట్టిన చిట్టా

ప్రోగ్రామ్ కూలిన ప్రతిసారీ విండోస్ దాదాపుగా ఒక నమోదు చేస్తుంది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ విభాగానికి వెళ్లి, 1000 సంఖ్య ఉన్న ఎర్ర గుర్తు నమోదును చూడండి. కూలిన ప్రోగ్రామ్ పేరు దగ్గర రైటర్ అని ఉండదు, సాఫీస్ బిన్ (soffice.bin) అని ఉంటుంది. రైటర్, పట్టికలు లెక్కించే క్యాల్క్, స్లైడ్లు చూపే ఇంప్రెస్ అన్నీ నడిచేది ఆ పేరు మీదే. దాని కింద ఫాల్టింగ్ మాడ్యూల్, అంటే తప్పు జరిగిన ఫైలు, అనే వరుస ఉంటుంది. మనకు కావలసింది అదే. అక్కడి ఫైలు పేరు ఎన్, వి అక్షరాలతో మొదలైతే ఎన్‌విడియా డ్రైవర్‌నూ, ఐ, జి అయితే ఇంటెల్‌నూ, ఏటీఐ లేదా ఏఎండీ అయితే ఏఎండీనీ అనుమానించవచ్చు. విండోస్ సొంత ఫైలు పేరు కనబడితే మాత్రం దాని నుంచి ఏదీ తేలదు.

పక్కనే సిస్టమ్ విభాగంలో 4101 నమోదు ఉందేమో కూడా చూడండి. డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసి మళ్లీ కోలుకుందని దాని అర్థం. రెండింటి సమయమూ కలిస్తే ఇక పెద్దగా వెతకనక్కరలేదు.

సేఫ్ మోడ్ పూర్తి సాక్ష్యం కాదు

హెల్ప్ మెనూలో రీస్టార్ట్ ఇన్ సేఫ్ మోడ్ ఉంటుంది. ప్రోగ్రామ్ తెరుచుకోవడమే కష్టమైతే స్టార్ట్ మెనూలోనూ దొరుకుతుంది. అక్కడ సజావుగా నడవగానే గ్రాఫిక్సే కారణమని తేల్చేస్తారు. నేనూ ఒకసారి అలాగే తేల్చి, చెడింది యూజర్ ఫోల్డరైతే డ్రైవర్ మారుస్తూ ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. సేఫ్ మోడ్ ఒకేసారి రెండు పనులు చేస్తుంది: హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను, అంటే గీసే పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించడాన్ని, ఆపుతుంది, మీ సెట్టింగులను పక్కన పెట్టి కొత్త యూజర్ ఫోల్డర్‌తో మొదలవుతుంది. ఇద్దరు అనుమానితులనూ ఒకేసారి బయటికి పంపేస్తే దొంగ ఎవరో తెలియదు.

అందుకని ఆ పెట్టెలోనే కాన్ఫిగర్ భాగంలో ఉన్న హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపే గడి ఒక్కటే ఎంచుకుని, మార్పును వర్తింపజేసి, మామూలుగా తెరవండి. ఒక రోజు పని చేసి చూడండి. పడిపోకపోతే గ్రాఫిక్సే. పడిపోతూనే ఉంటే యాప్‌డేటాలోని రోమింగ్‌లో లిబ్రేఆఫీస్ ఫోల్డర్ లోపల 4 అనే ఫోల్డర్ ఉంటుంది. దాంట్లోని యూజర్ ఫోల్డర్ పేరు మార్చి మళ్లీ ప్రయత్నించండి. తొలగించవద్దు, మీ నిఘంటువులూ టెంప్లేట్లూ అందులోనే ఉంటాయి. వెర్షన్ 7 దాటి ఎంత ముందుకు వెళ్లినా ఆ ఫోల్డర్ పేరు 4 దగ్గరే ఆగిపోయింది, దాన్ని చూసి కంగారు పడకండి.

పరిష్కారం

టూల్స్, ఆప్షన్స్, లిబ్రేఆఫీస్, వ్యూ. అక్కడ గ్రాఫిక్స్ అవుట్‌పుట్ కింద ఫోర్స్ స్కియా సాఫ్ట్‌వేర్ రెండరింగ్ అనే గడి ఉంటుంది. ముందు దాన్ని ఎంచుకుని ప్రోగ్రామ్‌ను మూసి తెరవండి. ఇప్పుడు గీసేది స్కియానే, కానీ గ్రాఫిక్స్ చిప్‌ను ముట్టుకోకుండా ప్రాసెసర్‌తో గీస్తుంది. ఉత్తరాలు, బిల్లులు, ప్రశ్నపత్రాలు తయారు చేసేవారికి వేగంలో తేడా దాదాపు తెలియదు. హెల్ప్ మెనూలోని అబౌట్ తెరిస్తే యూఐ రెండర్ అనే వరుసలో ఇంతకుముందు వల్కన్ అని ఉన్నచోట రాస్టర్ అని రావాలి. రాకపోతే మార్పు అమలు కాలేదన్నమాట. అప్పటికీ పడిపోతుంటే యూజ్ స్కియా గడిని కూడా తీసేయండి.

క్యాల్క్‌లో పెద్ద పట్టిక లెక్కించేటప్పుడే కూలుతుంటే అది వేరే దారి. ఆప్షన్స్‌లోనే ఓపెన్‌సీఎల్ అనే పేజీ ఉంటుంది. సూత్రాల లెక్కలను గ్రాఫిక్స్ చిప్ చేత చేయించడానికి అది వీలు కల్పిస్తుంది. దాన్ని ఆపండి. ఇంప్రెస్‌లో స్లైడ్ మారేటప్పుడే కూలితే, ఘనం తిరిగినట్టు కనబడే 3డీ ట్రాన్సిషన్లను అనుమానించండి. అవి స్కియాతో నిమిత్తం లేకుండా, గ్రాఫిక్స్ చిప్‌ను వాడే ఓపెన్‌జీఎల్ అనే మరో పద్ధతి మీద నడుస్తాయి. మామూలు ఫేడ్ పెట్టుకోండి. పాఠానికి తక్కువయ్యేది ఏమీ లేదు.

లినక్స్‌లో గ్నోమ్ వంటి జీటీకే డెస్క్‌టాపుల మీద లిబ్రేఆఫీస్ గీసేది కైరో అనే వేరే లైబ్రరీతో, కాబట్టి ఈ స్కియా గొడవ అక్కడికి సాధారణంగా రాదు.

మైక్రోసాఫ్ట్ వర్డ్, ఎక్సెల్ వాడేవారు ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో డిస్‌ప్లే భాగంలో హార్డ్‌వేర్ గ్రాఫిక్స్ యాక్సిలరేషన్‌ను ఆపే గడి వెతకండి. కొన్ని వెర్షన్లలో అది కనబడదు. కంట్రోల్ మీట నొక్కి పట్టి వర్డ్ తెరిస్తే సేఫ్ మోడ్ వస్తుంది. అది యాడ్-ఇన్‌లను (వర్డ్‌కు తగిలించుకున్న అదనపు ప్రోగ్రాములను) కూడా ఆపేస్తుంది కాబట్టి పైన చెప్పిన హెచ్చరికే ఇక్కడా వర్తిస్తుంది.

డ్రైవర్ సంగతి

సాఫ్ట్‌వేర్ రెండరింగ్‌తో పని సాగిపోతుంటే, డ్రైవర్ మార్చాలా అన్నది మీ ఓపికను బట్టి ఉంటుంది. బ్రౌజర్, వీడియో కూడా తడబడుతుంటే మాత్రం మార్చాల్సిందే. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరవండి. అక్కడ మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ ఒక్కటే ఉంటే మీ చిప్‌కు తగిన డ్రైవర్ పని చేయడం లేదని అర్థం. విండోస్ అప్‌డేట్ వచ్చిన మర్నాటి నుంచే గొడవ మొదలైతే ప్రాపర్టీస్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కి పాతదానికి వెళ్లండి. అది మసకబారి ఉంటే ల్యాప్‌టాప్ తయారీదారు వెబ్‌సైటు నుంచి మీ మోడల్‌కు ఇచ్చిన డ్రైవర్ తెచ్చుకోండి. డ్రైవర్లు వెతికి పెడతామనే ఉచిత ప్రోగ్రాముల జోలికి వెళ్లవద్దు.

కొత్త డ్రైవర్ ఎక్కాక ఫోర్స్ స్కియా గడిని ఒకసారి తీసి, వారం రోజులు వాడి చూడండి. మళ్లీ పడిపోతే గడిని తిరిగి పెట్టేసి, అబౌట్ పెట్టెలోని వివరాలను కాపీ చేసి లోపాలను నమోదు చేసుకునే వెబ్‌సైటైన లిబ్రేఆఫీస్ బగ్‌జిల్లాలో ఫిర్యాదు పెట్టండి. అప్పుడైనా మీ డ్రైవర్ ఆ పేచీ డ్రైవర్ల జాబితాకు ఎక్కవచ్చు.